గుంటూరు కారం కంటే గుండెల్లో మంట పాతది

ఈరోజు కాస్త విచిత్రమైన ప్రశ్నతో మొదలుపెడదాం. శ్రీనాథ మహాకవి ఎప్పుడైనా మిరపకాయ బజ్జీ తిన్నాడా?

నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నా. ఆయన కొండవీడు రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారి. కొండవీడు అంటే ఎక్కడో కాదు, మన గుంటూరు మిర్చి యార్డు నుంచి బండి తీస్తే గంటలోపే చేరిపోతాం. అలాంటి చోట బతికిన మనిషి జీవితంలో ఒక్క మిరపకాయ కూడా కొరకలేదు. ఎందుకంటే ఆయన 15వ శతాబ్దం మధ్యలోనే పోయాడు. అప్పటికి మిరప మొక్క అమెరికా ఖండాల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. కొలంబస్ అటు వెళ్ళింది 1492లో. పోర్చుగీసువాళ్ళు కాలికట్ చేరింది 1498లో, గోవా పట్టుకుంది 1510లో. వాళ్ళ ఓడల్లోనే మిరప మన దేశానికి వచ్చింది.

అంతకుముందు మన వంటల్లో కారం అంటే మిరియాలు. ఆ గుర్తు భాషలో ఇప్పటికీ ఉంది. మిరియం లాగా మండే కాయ కాబట్టి మిరపకాయ అయింది. తమిళంలో మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరపకాయ. కన్నడంలోనూ అదే కథ. కొత్త సరుకు వచ్చింది, పాత పేరు తగిలించుకుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎవరికైనా గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు వస్తే ఒకటే మాట వినిపిస్తుంది. "మనది కారం తినే కడుపు, మంట మామూలే." ఆ తర్వాత రెండో మాట. "మన అమ్మమ్మల చిట్కాలు వేల ఏళ్ళవి, అవి చేసుకుంటే చాలు." ఈ రెండు మాటలూ చరిత్ర ముందు నిలబడవు. ఎలాగో చూద్దాం.

మొదట జబ్బు వయసు. ఆయుర్వేదంలో దీన్ని ఆమ్లపిత్తం అంటారు. కాశ్యప సంహితలో దీనికి విడిగా అధ్యాయం ఉంది. సుమారు 7, 8 శతాబ్దాల నాటి మాధవనిదానంలోనూ ఉంది. అందులో చెప్పిన లక్షణాలు చూడండి. తిన్నది అరగకపోవడం, వాంతి వచ్చేలా ఉండటం, చేదుగా పుల్లగా త్రేన్పులు, గుండెల్లో గొంతులో మంట, అన్నం సహించకపోవడం. ఈరోజు మీరు డాక్టర్ దగ్గరికెళ్ళి యాసిడ్ రిఫ్లక్స్ అని చెప్పేది ఇదే. అంటే మిరపకాయ ఈ నేల మీద అడుగుపెట్టడానికి దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ ముందే మనవాళ్ళకి ఈ మంట తెలుసు. దీనికి మిరపకాయను మాత్రమే దోషిగా నిలబెడితే కేసు కొట్టేస్తారు.

మరి ఆ పాత పుస్తకాలు ఎవరిని దోషిగా చూపించాయి? ముందు తిన్నది అరక్కముందే మళ్ళీ తినడం, నిలవ అన్నం, తిన్న వెంటనే పగటిపూట పడుకోవడం. ఆ చివరిది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం. ఇంకో తమాషా ఉంది. ఈమధ్య రీల్స్‌లో చద్దన్నాన్ని ఎసిడిటీకి దివ్యౌషధం అంటున్నారు కదా. పాత శాస్త్రమేమో నిలవ అన్నాన్ని కారణాల జాబితాలో పెట్టింది. వంటిల్లు ఒకటి చెబితే గ్రంథం ఇంకోటి చెప్పింది. "మన పూర్వీకులు" అని ఒకే గొంతు ఎప్పుడూ లేదు, వాళ్ళలో వాళ్ళకే తేడాలున్నాయి.

ఇప్పుడు అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మన కడుపులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. దీన్ని 1824లో లండన్‌లో విలియం ప్రౌట్ అనే డాక్టర్ తేల్చాడు. కడుపు గోడకి ఆ యాసిడ్‌ని తట్టుకునే జిగురు పొర ఉంటుంది. పైన ఉన్న అన్నవాహికకి అలాంటి రక్షణ లేదు. రెండింటి మధ్య కండరంతో చేసిన ఒక బిగుతు ఉంటుంది, సంచి మూతికి కట్టిన తాడులాగా. అది వదులైతే యాసిడ్ పైకి తన్నుతుంది. అదే మంట. అంటే చాలామందిలో సమస్య యాసిడ్ ఎక్కువ తయారవడం కాదు, ఉండాల్సిన చోట ఉండకపోవడం.

మరి మిరపకాయ సంగతి? మిరపలో ఉండే క్యాప్సైసిన్ మన నరాల మీద ఉండే ఒక గ్రాహకాన్ని తడుతుంది. నిప్పు తగిలినప్పుడు "వేడి" అని అరిచే గ్రాహకం కూడా అదే. అందుకే కారం తింటే నోరు కాలినట్టు ఉంటుంది గానీ నిజంగా కాలదు. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీన్ని పట్టుకుంది, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఇప్పటికే యాసిడ్ తగిలి ఒరుసుకుపోయిన అన్నవాహిక మీద కారం పడితే మంట రెట్టింపు అనిపిస్తుంది. కాబట్టి రిఫ్లక్స్ ఉన్నవాళ్ళు తమకు కారం పడకపోతే తగ్గించుకోవడం న్యాయమే. కానీ "కారం తింటే అల్సర్ వస్తుంది" అన్న మాట వేరే. కడుపులో పుండ్లకి ముఖ్య కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా అని 1982లో ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ కనిపెట్టారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ ఆ బ్యాక్టీరియాని తనే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్. నొప్పి మాత్రలు అతిగా మింగడం ఇంకో పెద్ద కారణం. అల్సర్ వేరు, రిఫ్లక్స్ వేరు, వైద్యం వేరు.

సరే, మిరప వచ్చాక మన వంటిల్లు ఏం చేసింది? నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే. విడిగా మందు తయారుచేయలేదు, భోజనాన్నే ఒక వరసలో పెట్టింది. పచ్చడి మొదట, అందులో నెయ్యి. తర్వాత పప్పు, కూర. చివర మజ్జిగ. కారం ఎంత ఉన్నా ముగింపు చల్లగా ఉండాలి. పొలం వెళ్ళేవాళ్ళకి గంజి, అంబలి, పల్చటి మజ్జిగలో ఉల్లిపాయ. కడుపు బరువుగా ఉంటే వాము నమలడం, జీలకర్ర నీళ్ళు, సొంఠి. ఇవి రిఫ్లక్స్‌ని నయం చేస్తాయని గట్టి రుజువులు లేవు. కానీ మితంగా వాడితే హాని లేదు, కొందరికి ఉబ్బరం తగ్గి హాయిగా ఉంటుంది. పల్నాడు, పడమటి ప్రకాశం మెట్ట ప్రాంతంలో రోజువారీ తిండి జొన్న, సజ్జ, కొర్ర. తిన్నాక ఎండలో చాకిరీ. పడుకునేది చీకటి పడ్డ కాసేపటికి, అప్పటికే రాత్రి భోజనం అయిపోయి ఉండేది.

తర్వాత ఒక్కొక్కటీ మారుతూ వచ్చింది. ఐ.ఎల్.టి.డి. కంపెనీతో 20వ శతాబ్దం మొదట్లో వర్జీనియా పొగాకు మన నల్లరేగడిలోకి వచ్చింది. చివరికి పొగాకు బోర్డు ఆఫీసే గుంటూరులో పెట్టారు, 1976లో. పొగ తాగితే మనం చెప్పుకున్న ఆ సంచి తాడు వదులవుతుంది, ఇది నిరూపితమైన విషయం. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకి నీళ్ళు వదిలారు. మెట్ట చేలు మాగాణి అయ్యాయి, జొన్నన్నం పోయి వరి అన్నం వచ్చింది. 1983లో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చాక పేదింట్లో కూడా మూడు పూటలా వరి అన్నమే. ఆకలి తీరింది, అది చాలా పెద్ద విషయం, తక్కువ చేసి చెప్పను. వరి తినడం వల్లే మంట వచ్చిందనీ చెప్పను. నేను చెప్పేది ఒక్కటే. అమ్మమ్మ చిట్కా పనిచేసింది ఆ తిండి, ఆ పని, ఆ నిద్ర వేళ మధ్యలో. మనం చిట్కా ఒక్కటే తెచ్చుకున్నాం. రాత్రి పదకొండుకి బిర్యానీ తిని, ఫోన్ పట్టుకుని వెల్లకిలా పడుకుని, పొద్దున్నే జీలకర్ర నీళ్ళు తాగితే అది ఏం చేయగలదు చెప్పండి?

ఇక రెండో దశ, సీసా దశ. ఒంగోలు దగ్గర ఇనమనమెళ్ళూరులో 1875లో ఒక పేదింట్లో కోట నరసింహం అనే పిల్లవాడు పుట్టాడు. చిన్నతనంలోనే మద్రాసు చేరి, నానా కష్టాలు పడి, వైద్యం నేర్చుకుని కేసరి కుటీరం పెట్టాడు. ఆయనే డాక్టర్ కె.ఎన్. కేసరి. ఆడవాళ్ళ జబ్బులకి ఆయన చేసిన లోధ్ర అనే మందు తెలుగుదేశమంతా అమ్ముడైంది. ఆ డబ్బుతో 1928లో గృహలక్ష్మి అనే మహిళా పత్రిక పెట్టాడు, మద్రాసులో స్కూలు పెట్టాడు. ఆయన ఒక్కడే కాదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ ఆదాయంతో 1908లో ఆంధ్రపత్రిక నడిపారు. ఒక్కసారి ఆలోచించండి, తెలుగు పత్రికల్లో కొన్ని బతికిందే మందుల డబ్బు మీద. దానివల్ల భాషకి, ఉద్యమాలకి ఎంతో మేలు జరిగింది. అదే సమయంలో ఇంకోటి కూడా జరిగింది. వంటింట్లో చేసుకునే మందు బజార్లో కొనుక్కునే సరుకైంది, దాని గురించి మనకి చెప్పేది ప్రకటన అయింది.

ఆ కాలంలోనే విదేశీ సరుకూ వచ్చింది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జేమ్స్ క్రాస్లీ ఈనో 1850లలో తయారుచేసిన ఉప్పుపొడే మన ఈనో. 1872లో హైరమ్ కాడ్ పేటెంట్ తీసుకున్న సీసానే మన గోలీ సోడా. భోజనం అయ్యాక నిమ్మకాయ సోడా కొట్టి "బ్రేవ్" అంటే అరిగినట్టే అని మనకో నమ్మకం. ఈనోలో ఉండే సోడా ఉప్పు యాసిడ్‌ని కాసేపు చల్లారుస్తుంది, నిజమే. గోలీ సోడాలో మాత్రం ఉండేది గ్యాసే. ఆ త్రేన్పుతో పాటు యాసిడ్ కూడా పైకి రావచ్చు. ఈనో, తినే సోడా రోజూ వాడితే ఒంట్లో సోడియం పెరుగుతుంది, బీపీ ఉన్నవాళ్ళకి అది మంచిది కాదు.

చల్లటి పాల కథ కూడా ఇలాంటిదే. "మంటగా ఉంటే గ్లాసు పాలు తాగు" అనేది మన అమ్మమ్మలు ఒక్కళ్ళే అనలేదు. 1915లో షికాగోలో బెర్ట్రమ్ సిప్పీ అనే డాక్టర్ అల్సర్ రోగులకి గంటగంటకీ పాలు, మీగడ, దాంతో పాటు క్షారపు పొడులు ఇమ్మన్నాడు. ప్రపంచమంతా దశాబ్దాల పాటు పాటించింది. తర్వాత తేలిందేమిటంటే, పాలు ముందు చల్లబరుస్తాయి, కాసేపటికి కడుపు చేత ఇంకా ఎక్కువ యాసిడ్ ఊరిస్తాయి. ఆ వైద్యం వల్ల కొందరికి రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. అమ్మమ్మ చెప్పినా, అమెరికా డాక్టర్ చెప్పినా, పరీక్షించి చూస్తేనే తెలుస్తుంది.

మూడో దశ మాత్ర. ఇక్కడ మళ్ళీ మన గుంటూరే వస్తుంది. 1976లో సిమెటిడిన్ వచ్చింది, దాని వెనకున్న జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ వచ్చింది. తర్వాత రానిటిడిన్. 1988లో స్వీడన్ కంపెనీ ఆస్ట్రా ఒమెప్రజోల్‌ని మార్కెట్లోకి తెచ్చింది. యాసిడ్‌ని ఊరించే పంపునే ఆపేసే మందు. ఇటు తాడేపల్లిలో ఒక పసుపు రైతు కొడుకు, గుంటూరు ఏ.సి. కాలేజీలో బి.ఎస్సీ. చదివిన కల్లం అంజిరెడ్డి, 1984లో హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. 1970 నాటి మన పేటెంట్ చట్టం ప్రకారం మందుకి కాదు, తయారుచేసే పద్ధతికే పేటెంటు. కాబట్టి వేరే పద్ధతిలో చేస్తే అమ్ముకోవచ్చు. అలా వచ్చిందే ఒమెజ్. అప్పటి బ్రాండ్ల ధరలో సగానికే అమ్మారు. కారానికి పేరుమోసిన జిల్లా మనిషి, మంట తగ్గించే మాత్రని సామాన్యుడి చేతికి అందించాడు. ఇది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన చరిత్ర.

కానీ చవగ్గా దొరికేసరికి ఇంకో అలవాటు వచ్చింది. మెడికల్ షాపుకెళ్ళి "గ్యాస్ మాత్ర ఇవ్వన్నా" అంటే చాలు. ఏళ్ళ తరబడి మింగేవాళ్ళు ఎందరో. చాలామంది టిఫిన్ తిన్నాక వేసుకుంటారు. అది తినడానికి సుమారు అరగంట ముందు వేసుకోవాల్సిన మందు, లేకపోతే సరిగ్గా పనిచేయదు. ఎక్కువ కాలం వాడి టక్కున ఆపితే యాసిడ్ కొన్నాళ్ళు ఎగదన్నుతుంది. "చూశావా, మాత్ర లేకపోతే బతకలేను" అనుకుని మళ్ళీ మొదలుపెడతారు. ఏళ్ళపాటు వాడితే బి12, మెగ్నీషియం తగ్గొచ్చు, ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టకపోవచ్చు. అలాగని భయపడి మానేయకండి. అవసరమైనవాళ్ళకి ఇది గొప్ప మందు. ఎన్నాళ్ళు వాడాలో డాక్టర్‌ని అడగాలి, అంతే. మందులకీ చరిత్ర ఉంటుంది. ఇంటింటా ఉన్న రానిటిడిన్‌లో 2019లో క్యాన్సర్ కారకం కావచ్చన్న కల్తీ పదార్థం బయటపడింది, 2022లో మన దేశం దాన్ని అత్యవసర మందుల జాబితా నుంచి తీసేసింది.

ఇప్పుడు నాలుగో దశలో ఉన్నాం. సప్లిమెంట్ల దశ. యాపిల్ సిడార్ వెనిగర్, అలోవెరా జ్యూస్, పసుపు క్యాప్సూళ్ళు, అతిమధురం పొడి. కేసరి గారి కాలంలో పత్రిక చేసిన పని ఇప్పుడు రీల్ చేస్తోంది. ఒక్కోటి చూద్దాం. వెనిగర్ అంటేనే యాసిడ్, రిఫ్లక్స్‌కి పనిచేస్తుందని సరైన రుజువు లేదు. అతిమధురానికి నిజంగా చరిత్ర ఉంది. 1940లలో నెదర్లాండ్స్‌లో రేవర్స్ అనే డాక్టర్ దాని గుణం గమనించాడు, దాన్నుంచి తీసిన కార్బెనాక్సలోన్ 1960లలో అల్సర్ మందుగా వాడారు. దాంతో పాటే దుష్ఫలితాలూ తేలాయి, ఒంట్లో నీరు చేరడం, బీపీ పెరగడం, పొటాషియం పడిపోవడం. రోజూ అతిమధురం తీసుకుంటే ఇప్పటికీ అదే ప్రమాదం. పసుపు మీద 2023లో థాయ్‌లాండ్‌లో 206 మందితో చేసిన పరిశోధన వచ్చింది. అజీర్తి బాధకి పసుపులోని కర్క్యుమిన్ ఒమెప్రజోల్‌తో సమానంగా పనిచేసింది. మన దుగ్గిరాల పసుపు రైతులకి సంతోషమే! కానీ అది అజీర్తి మీద, రిఫ్లక్స్ మీద కాదు. పైగా గాఢమైన పసుపు సప్లిమెంట్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికా, ఇటలీల్లో నమోదయ్యాయి. కూరలో పసుపు వేరు, క్యాప్సూల్ వేరు. పుదీనా ఉబ్బరానికి బాగుంటుంది గానీ ఆ సంచి తాడుని వదులు చేసి మంట పెంచొచ్చు. ఐరన్, విటమిన్ సి మాత్రలే కొందరికి మంట తెస్తాయి.

ఇంత చరిత్ర చెప్పడానికి అసలు కారణం ఇప్పుడు చెప్తా. మా వీధిలో ఒకాయన ఉండేవాడు, మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీ. ఒక రాత్రి ఛాతీలో మంట, చెమటలు. "గ్యాసేలే" అన్నాడు. సోడా తెప్పించారు, వాము నమిలాడు, వీపు రుద్దారు. తెల్లారేసరికి లేడు. గుండెపోటు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు, తెలిసిన వైద్యం అంతా చేశారు. వాళ్ళని ముంచింది ఆ ఒక్క మాటే, గ్యాస్. తరతరాలుగా ఛాతీలో ఏ బాధ వచ్చినా మనం పెట్టే పేరు అదే.

కాబట్టి ఇది ఇంట్లో అందరికీ చెప్పండి. ఛాతీలో బరువు, చెమట, ఆయాసం, నొప్పి ఎడమచేతికో దవడకో పాకడం, నడిస్తే పెరగడం, ఇవి కనిపిస్తే సోడా వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి, ఇ.సి.జి. తీయించండి. 2005లో మన రాష్ట్రంలోనే మొదలైన సేవ అది, వాడుకుందాం. మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం ఉంటే ఏ చిట్కా వద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. వారాల తరబడి మంట వదలకపోయినా చూపించుకోవాలి.

మామూలు మంటకి మాత్రం ఖర్చులేని పనులున్నాయి. రాత్రి భోజనానికి, పడకకి మధ్య మూడు గంటలు ఉంచండి. మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి అరడుగు ఎత్తు చేయండి. ఎడమవైపు తిరిగి పడుకోండి. సిగరెట్ మానండి, పొట్ట తగ్గించండి. తిన్న వెంటనే పడుకోవద్దని కాశ్యప సంహిత చెప్పింది గుర్తుందా? ఇప్పటి డాక్టర్లు చెప్పేదీ అదే. పాతదని నమ్మక్కర్లేదు, పాతదని తోసేయక్కర్లేదు. పరీక్షకి నిలబడింది కాబట్టి పాటిద్దాం.

గోంగూర పచ్చడి మానేయమని నేను అనను, నాకే చేతకాదు. చివర మజ్జిగ మాత్రం మర్చిపోకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.